రోబోలొచ్చాయని మెకానికల్ మానేయాలా?

ప్రశ్న: అన్నయ్యగారూ, మాది పాలకొల్లు దగ్గర. భీమవరంలో మెకానికల్ బీటెక్ అయింది, మిషిగన్‌లో ఎమ్మెస్ సీటు వచ్చింది. కార్ల ఫ్యాక్టరీలన్నీ రోబోలకే వదిలేశారట, కంప్యూటర్స్‌కి మారమని నాన్నగారు ఒకటే గొడవ. ఏం చేయమంటారు?

జవాబు: మారకు తమ్ముడూ. కార్ల ఫ్యాక్టరీలోకి రోబో నిన్నగాక మొన్న రాలేదు. న్యూజెర్సీలోని జనరల్ మోటార్స్ ప్లాంటులో యూనిమేట్ అనే రోబో 1961లోనే పనిలోకి దిగింది. సలసల కాగే అచ్చు భాగాల్ని బయటికి తీయడం దాని పని.

మనుషులు బాగా తగ్గింది బాడీ షాపులో, పెయింట్ షాపులో. వెల్డింగు రవ్వలు ఎగిరే చోట కంచె వేసి ఉంటుంది, లోపల రోబోలే. అక్కణ్ణుంచి ఫైనల్ అసెంబ్లీకి వెళ్తే బోలెడు మంది కనిపిస్తారు. వైర్ల కట్ట మెత్తగా జారిపోతుంటుంది. దాన్ని డాష్‌బోర్డు కిందికి దూర్చి, క్లిప్పు టక్కుమనేదాకా వేలితో నొక్కాలి. తుపానుకి చేను పడిపోతే కోత మిషన్ తంటాలు పడుతుంది, మనం కూలీల కోసం పరిగెడతాం చూడు, అలాగే. టెస్లాలో ఆటోమేషన్ మితిమీరింది, అది తన తప్పేనని 2018లో మస్కే ఒప్పుకున్నాడు.

అలాగని ఇంజను, గేర్‌బాక్సు డిజైన్ మీదే ఆశ పెట్టుకోకు. ఎలక్ట్రిక్ కార్లలో ఆ సామాను బాగా తగ్గిపోతుంది. పీఎల్‌సీ (ఫ్యాక్టరీలో మిషన్లని నడిపించే కంప్యూటరు), రోబో ప్రోగ్రామింగ్ పట్టుకో. రోబోలు తయారుచేసే ఫానక్ వాళ్ల అమెరికా ఆఫీసు మిషిగన్‌లోని రోచెస్టర్ హిల్స్‌లోనే ఉంది. అర్ధరాత్రి లైను ఆగితే టీచ్ పెండెంట్ (రోబోకి పని నేర్పే రిమోట్ లాంటిది) చేతబట్టి, ఏ సెన్సర్ మొరాయించిందో పట్టుకునేవాణ్ణి ఎవరూ అంత తేలిగ్గా వదులుకోరు.

కాకపోతే లైన్లు బిగించే కంపెనీల్లో పనంతా ప్లాంటు మూసినప్పుడే, అంటే జులై మొదట్లో, క్రిస్మస్‌కి. ఆ రోజుల్లో ఇంటికొస్తానని అమ్మకి మాటివ్వకు. ప్రాజెక్టు అయిపోగానే కొందరిని పంపించేయడమూ ఉంటుంది. నన్నడిగితే రోబో కన్నా వీసా టెన్షనే ఎక్కువ. ఓపీటీ, అంటే చదువయ్యాక అక్కడ పనిచేసుకోడానికిచ్చే అనుమతి, మొదటి ఏడాదిలో పని లేని రోజులు 90 దాటకూడదు. హెచ్1బీ మీద ఉండగా ఉద్యోగం పోతే మహా అయితే 60 రోజులే గడువు. అందుకని స్పాన్సర్ చేస్తారా లేదా అన్నది మొదటి ఫోన్ కాల్‌లోనే అడిగెయ్, మన గోదారోళ్ల మొహమాటం అక్కడ వద్దు.

కాలేజీ ల్యాబులో పీఎల్‌సీ కిట్ ఉంటే ఈ వేసవిలోనే వెళ్లి దుమ్ము దులుపు. నాన్నగారు ఇంకా ఒప్పుకోకపోతే ఆదివారం ఫోన్ కలుపు, నేను మాట్లాడతాను.