తొక్క సారం గురించి రాసే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. దానిమ్మ తొక్కలోని రసాయనాల గురించి ఎంతో శ్రద్ధగా రాశావు. అయితే ‘దానిమ్మ తొక్క యూరిక్ యాసిడ్‌ను తగ్గిస్తుంది’ అన్న మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయాను. ఎక్కడ తగ్గించింది? పరీక్షనాళికలోనా, ఎలుకలోనా, యూరిక్ యాసిడ్ పెరిగి కీళ్లు వాచే గౌట్ జబ్బుతో కాలి బొటనవేలు ఉబ్బి దుప్పటి తగిలినా ఓర్చుకోలేని మనిషిలోనా?

నీవు చెప్పిన పరీక్షలో యూరిక్ యాసిడ్‌ను తయారుచేసే జాంథైన్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్‌ను, సాధారణంగా ఆవుపాల నుంచి తీసినదాన్ని, అది యూరిక్ యాసిడ్‌గా మార్చే జాంథైన్ అనే పదార్థంతోనూ తొక్క సారంతోనూ కలిపి, పుట్టిన యూరిక్ యాసిడ్‌ను సుమారు 290 నానోమీటర్ల అతినీలలోహిత కాంతితో కొలుస్తారు. దానిమ్మ తొక్కకు వగరునిచ్చే టానిన్లు అనే పదార్థాలు చాలా ప్రోటీన్లను పట్టుకుంటాయి. ఎంజైమ్ కూడా ప్రోటీనే. పైగా టానిన్లు ఆ కాంతిని తామే కొంత పీల్చుకుంటాయి. కాబట్టి ఎంజైమ్ కలపని గొట్టంలో సారాన్ని విడిగా కొలిచారా అని నీవు తప్పక చూడాలి. ఆ సారం మన కడుపులోకి వెళ్లాక కథ ఇంకా మారుతుంది: తొక్కలోని ప్యూనికలాజిన్ అనే టానిన్‌ను పేగులోని సూక్ష్మజీవులు విడగొట్టి యూరోలిథిన్లు అనే వేరే పదార్థాలుగా మారుస్తాయి. అంటే గొట్టంలో పనిచేసిన పదార్థమే రక్తంలోకి చేరుతుందని అనుకోవడానికి వీల్లేదు.

ఎలుకల సంగతి చిన్నదే. యూరిక్ యాసిడ్‌ను విడగొట్టే, మనకు లేని యూరికేజ్ అనే ఎంజైమ్ వాటికి ఉంటుంది కనుక, పొటాషియం ఆక్సోనేట్ అనే రసాయనం ఇచ్చి దాన్ని అణచి, యూరిక్ యాసిడ్‌ను పెంచి పరీక్షిస్తారు. నీ వ్యాసంలో ఆ మాటే లేదు.

జాంథైన్ ఆక్సిడేజ్‌ను అడ్డుకునే గౌట్ మందు అల్లోప్యూరినాల్ చరిత్ర నీకు ఉపయోగపడుతుంది. శాస్త్రవేత్తలు గెర్ట్రూడ్ ఎలియన్, జార్జ్ హిచింగ్స్ బృందం దాన్ని మొదట లుకేమియా (రక్త క్యాన్సర్) మందు 6-మెర్కాప్టోప్యూరిన్ శరీరంలో త్వరగా విరిగిపోకుండా ఆపడానికి పరీక్షించింది. రోగులలో యూరిక్ యాసిడ్ తగ్గడం అప్పుడు కనిపించింది. 1966లో అది అమెరికాలో గౌట్‌కు మందుగా వచ్చింది. వారిద్దరికీ 1988లో నోబెల్ బహుమతి దక్కింది. ఆ మందు మీద నమ్మకం మనుషుల రక్తంలో కొలిచిన అంకెల వల్ల కుదిరింది.

ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. చాలా ఏళ్ల కిందట నేను ఒక తొక్క కషాయం గురించి నీలాంటి వాక్యమే రాశాను. అది చదివి ఒక పెద్దాయన తన మాత్రలు మానేశారు. నెలలు గడిచాక మడమ వాపుతో మంచం పట్టానని నాకు ఉత్తరం రాశారు. ఆ ఉత్తరంలో నన్ను తిట్టలేదు. కషాయం కొలత తప్పానేమో చెప్పమని అడిగారు. ఆ ప్రశ్న నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

మొదటి వాక్యాన్ని ఇలా మార్చు: ‘ఆవుపాల ఎంజైమ్‌పై పరీక్షనాళికలో దానిమ్మ తొక్క సారం యూరిక్ యాసిడ్ తయారీని తగ్గించింది, రోగులలో ఇది ఇంకా తేలాల్సి ఉంది.’ డాక్టర్ రాసిన మాత్రలు ఎవరూ సొంతంగా మానవద్దన్న మాటను వ్యాసం చివరికి నెట్టకుండా రెండో పేరాలోనే పెట్టు. తిరగరాసిన ప్రతితో పాటు, ఎంజైమ్ కలపని గొట్టంలో వచ్చిన కొలత కూడా నాకు పంపు.