ఎంబీఏలో నేర్చుకున్నది ఉద్యోగంలో పనికొస్తుందా?

ఎంబీఏలో నేర్పేదానికీ కంపెనీలు అడిగేదానికీ పొంతన ఉందా అని అడిగారు. నేను ఫైనాన్స్‌లో ఎంబీఏ చేసి పన్నెండేళ్లుగా పనిచేస్తున్నాను, కొన్నేళ్లుగా కొత్తవాళ్లను ఇంటర్వ్యూ కూడా చేస్తున్నాను. చదువు నాకు పనికొచ్చింది. కానీ అసలు సమస్య ఎక్కడుందో వెతికి పట్టుకోవడం మాత్రం అక్కడ నేర్పలేదు.

మొదటి ఉద్యోగంలో, కస్టమర్ల నుంచి డబ్బు ఎందుకు ఆలస్యంగా వస్తోందో చూడమన్నారు. రెండు వారాలు కూర్చుని ఆర్థిక నిష్పత్తులన్నీ (రేషియోలు) లెక్కగట్టి, క్రెడిట్ పాలసీ, అంటే అరువిచ్చే నియమాలు, మార్చాలంటూ ముప్పై స్లైడ్లు చేశాను. మా మేనేజర్ ఓపిగ్గా చూసి, "బాకీ ఉన్నవాళ్లలో ఒక్కరితోనైనా మాట్లాడావా?" అన్నారు. నాకు ఆ ఆలోచనే రాలేదు. క్లాసులో చేసిన కేస్ స్టడీల్లో కావలసిన సమాచారమంతా ఇరవై పేజీల్లో సర్ది ఇచ్చేవారు, ఫోన్ చేసి అడగడానికి అవతల ఎవరూ ఉండరు కదా.

మర్నాడు ఫోన్లు మొదలుపెడితే మూడో కాల్‌కే సంగతి తెలిసింది. మా ఇన్‌వాయిస్ మీద వాళ్ల పర్చేజ్ ఆర్డర్ నంబరు, అంటే వాళ్లు మాకు ఆర్డరిచ్చేటప్పుడు వేసే నంబరు, ఉండట్లేదట. అది లేకపోతే వాళ్ల అకౌంట్స్‌లో బిల్లు పక్కన పెట్టేస్తారు. బిల్లింగ్‌లో ఆ నంబరు తప్పనిసరి చేయించాక పాత బాకీలు చాలావరకు కదిలాయి.

అలాగని చదువు దండగ అనను. కాగితం మీద లాభం ఉన్నా, బాకీలు రాకపోతే జీతాలకు అప్పు తేవాల్సి వస్తుందని నాకు అర్థమైంది క్లాసులోనే. అందుకే ఆ నంబరు విలువ పైవాళ్లకు లెక్కలతో చెప్పగలిగాను.

ఈ చర్చ పాతదే. 1959లో అమెరికాలో ఫోర్డ్ ఫౌండేషన్, కార్నెగీ కార్పొరేషన్ అనే దాతృత్వ సంస్థలు వేయించిన నివేదికలు బిజినెస్ చదువులో శాస్త్రీయత చాలదన్నాయి. స్కూళ్లు పరిశోధన వైపు మళ్లాయి. 2005కి వచ్చేసరికి వారెన్ బెన్నిస్, జేమ్స్ ఓటూల్ అనే అమెరికన్ మేనేజ్‌మెంట్ ప్రొఫెసర్లు ఆ స్కూళ్లు అసలు పనికి దూరమైపోయాయని విమర్శించారు. పని అనుభవం లేనివాళ్లకు మేనేజ్‌మెంట్ క్లాసులో నేర్పలేమని కెనడాకు చెందిన మేనేజ్‌మెంట్ ప్రొఫెసర్ హెన్రీ మింట్జ్‌బర్గ్ ఎప్పటినుంచో వాదిస్తున్నారు. ఆ విషయంలో నేను ఆయన పక్షమే.

ఇంకా చేరకపోతే, ఒకటి రెండేళ్లు ఎక్కడైనా పనిచేసి వెళ్లండి. ఇప్పటికే చదువుతుంటే ప్రాజెక్టు ఇంటర్నెట్‌లో దొరికే డేటాతో ముగించకండి. ఇంటర్వ్యూలో నేను మార్కుల కన్నా ముందు అడిగేది, ఆ ప్రాజెక్టులో మీకు ఏ సమాచారం దొరకలేదు, అప్పుడు ఎవరి దగ్గరికి వెళ్లారు అనే.