కాగితం తొక్కని కుర్రాడు

తమ్ముడూ,

నీ కథ చదివాను. కొట్లాట రాయడం నీకు వచ్చు. కత్తి ఎటు నుంచి ఎటు వెళ్లిందో, ఎవరు ఎక్కడ పడ్డారో తికమక లేకుండా చెప్పావు. పేరున్నవాళ్లకే అది ఓ పట్టాన పట్టుబడదు. కానీ నాలుగో పేజీకల్లా నీ హీరోకి నిప్పు వచ్చేసింది, గాలి వచ్చేసింది, పాముల భాష కూడా వచ్చేసింది. వాడు దేనికి భయపడతాడో, ఎవరి మాట కాదనలేడో మాత్రం చివరిదాకా తెలియలేదు. ‘డీమన్ స్లేయర్’ లాంటిది తెలుగులో రాయాలని ఉందన్నావు కదా, దాని గురించే మాట్లాడుకుందాం. ఇంట్లో పిల్లల పోరు పడలేక చూడటం మొదలుపెట్టి, వాళ్లు పడుకున్నాక కూడా టీవీ ముందు నుంచి లేవలేదు నేను.

కొయొహారు గొతౌగే 2016 నుంచి 2020 దాకా జపాన్ వారపత్రికలో ధారావాహికగా గీసిన మాంగా, అంటే జపాన్ బొమ్మల కథ అది. 205 అధ్యాయాలు, 23 సంపుటాలు. 2019లో యూఫోటేబుల్ స్టూడియో దాన్ని యానిమేగా, అంటే టీవీ కార్టూన్ సిరీస్‌గా తీసింది. మరుసటి ఏడు వచ్చిన దాని రైలు సినిమా ‘ముగెన్ ట్రైన్’ 4,000 కోట్ల యెన్లు దాటి అక్కడి వసూళ్ల రికార్డు బద్దలు కొట్టింది. 2025 సెప్టెంబరులో ‘ఇన్ఫినిటీ కాజిల్’ సినిమా మన హాళ్లలోకి తెలుగు డబ్బింగుతో సహా వచ్చింది. ఇంత గోల చేసిన సిరీస్‌లో కొత్త శక్తులేమైనా ఉన్నాయా అంటే పెద్దగా లేవు. మనుషుల్ని తినే రాక్షసులు, ఎండ తగిలితే చావు, ప్రత్యేకమైన కత్తితో మెడ నరికితే చావు. ఇదంతా పాత సరుకే.

మరి జనం దేనికి పడ్డారు? హీరో తంజిరో ముక్కు చూడు. వాడికి వాసన పసిగట్టడం వచ్చు. మొదటి ఎపిసోడ్‌లో ఆ సంగతి మనకెలా తెలుస్తుంది? బొగ్గులమ్ముకోవడానికి కొండ దిగి ఊళ్లోకి వస్తాడు. అక్కడొకడు పగిలిన పళ్లెం ముక్కలు పట్టుకుని, నేను పగలగొట్టలేదు మొర్రో, నువ్వైనా చెప్పు అని వెంటపడతాడు. వీడు వాసన చూసి, పిల్లి పని అంటాడు. అంతే, నవ్వుకుని వదిలేస్తాం. మర్నాడు అదే ముక్కుకి తన ఇంటి దగ్గర రక్తం వాసన తగులుతుంది. పిల్లి దగ్గర నవ్వాం కాబట్టి గుమ్మం దగ్గర మన గుండె జారుతుంది. నువ్వైతే ఆ ముక్కుకి ఓ పేరు పెట్టి, పుట్టుకతో వచ్చిన దివ్యశక్తి అని ఒక పేరా రాసి ఉండేవాడివి.

ఇక నీకు నేను ముఖ్యంగా చూపించాలనుకున్నది డోళ్ల భవనం. పదకొండో ఎపిసోడ్ నుంచి పదమూడో దాకా మళ్లీ చూడు. క్యోగాయ్ అనే రాక్షసుడి ఒంటి నిండా డోళ్లుంటాయి. ఒకటి కొడితే గది పక్కకి తిరుగుతుంది, ఇంకోటి కొడితే బోర్లా పడుతుంది, పొట్ట మీదది కొడితే పంజా దెబ్బలు వచ్చి పడతాయి. తంజిరోకి అప్పటికే పక్కటెముకలు విరిగాయి, కాలు విరిగింది. పెద్దకొడుకుని కాబట్టి ఓర్చుకుంటున్నాను, రెండోవాణ్ణయితే నా వల్ల కాకపోయేది అనుకుంటాడు లోపల. (మన ఇళ్లలో పెద్దకొడుకుగా పుట్టినవాడు ఎవడైనా సరే అక్కడ నవ్వుతాడు, తర్వాత కాస్త ఆలోచిస్తాడు.) ఇంతలో అటక మీదవో మరెక్కడివో, చేత్తో రాసిన కాగితాలు గది నిండా చెల్లాచెదురుగా పడతాయి. ప్రాణాల మీదికొచ్చిన వేళ కూడా తంజిరో వాటి మీద అడుగు పడకుండా కాలు తప్పిస్తాడు.

ఆ కాగితాలు క్యోగాయ్ రాసుకున్నవి. ఒకప్పుడు ఒకడు ఇదంతా చెత్త, రాయడం మానెయ్ అని ఆ కాగితాలనే కాళ్లతో తొక్కాడు. క్యోగాయ్ వాణ్ణి చంపేశాడు. రాక్షసుల్లోనూ వాడికి సుఖం లేదు. మునుపటంత మందిని తినలేకపోతున్నావని వాళ్ల పెద్ద ముజాన్ పదవి పీకేశాడు. అటు మనుషుల్లోనూ ఇటు రాక్షసుల్లోనూ పనికిరానివాడు అనిపించుకున్న బాపతు. వాడి ముందు ఈ కుర్రాడు కాగితం తొక్కలేదు. తప్పుకోవడానికి ఒళ్లు మలిచిన తీరులోనే నొప్పి తెలియకుండా ఎలా కదలాలో, ఊపిరి ఎలా తీయాలో కూడా వాడికి దొరికింది, దాంతోనే గెలిచాడు. చూశావా, మంచితనం వేరే, పోరాటం వేరే కాదు ఇక్కడ. కాగితం తొక్కి ఉంటే ఓడిపోయేవాడు. మెడ తెగిపడ్డాక క్యోగాయ్ అడుగుతాడు, నా విద్య గొప్పదేనా అని. గొప్పదే, కానీ నువ్వు మనుషుల్ని చంపింది మాత్రం క్షమించను అంటాడు తంజిరో. రెండూ ఒక్క ఊపిరిలో. నీ కథలో విలన్‌కి నువ్విచ్చింది శాపం, నవ్వు, నల్లబట్టలు.

కాలికి కాగితం తగిలితే మనం కళ్లకద్దుకుంటాం కాబట్టి ఆ సీను మనకి ఇట్టే ఎక్కుతుంది. అయితే అక్కడ సరస్వతీ లేదు, పాపభయమూ లేదు. ఎవరో కష్టపడి రాశారు, తొక్కకూడదు అనుకున్నాడు, అంతే. ఆ తేడా పోగొట్టకు.

తంజిరో వెంట ఉండే మిగతావాళ్ల గురించి ఎక్కువ చెప్పను, నీకే కంఠతా వచ్చు. పిరికిపంద జెనిత్సుకి మెరుపు విద్యలో వచ్చింది మొదటి పట్టు ఒక్కటే. అదీ మొదట్లో నిద్రలో తప్ప బయటికి రాదు. ఆ ఒక్కదాన్నే సానపట్టమని గురువు చెప్పాడు కాబట్టి బతికి బట్టకట్టాడు. పందితల తొడుక్కుని తిరిగే ఇనొసుకే పేర్లన్నీ తప్పు పలుకుతాడు, పెంచింది అడవిపందులు మరి. ప్రతివాడి బలం వెనకా వాడి అవకరం ఉంది.

నాకు నచ్చనిదీ చెబుతాను. రాక్షసుడు చచ్చే ముందు వాడి కన్నీటి గతం చూపించడం క్యోగాయ్ దగ్గర గుండె పట్టేస్తుంది. పదోసారికి ఇప్పుడు ఫ్లాష్‌బ్యాక్ వస్తుంది చూడు అని పిల్లలే ముందుగా చెప్పేస్తున్నారు. ‘ఇన్ఫినిటీ కాజిల్’లో అకాజా అనే రాక్షసుడి గతం బాగుంది, కానీ అంతసేపా? నువ్వు మాత్రం విలన్ గతాన్ని చావుదాకా దాచి ఒక్కసారిగా కుమ్మరించకు. వాడు బతికుండగానే వాడి పనుల్లో కనబడనీ.

ఇప్పుడు నీ కథ దగ్గరికి వద్దాం. మూడో పేజీలో ఒక్క వాక్యం రాసి ముందుకెళ్లిపోయావు: హీరో వాళ్ల నాన్న కల్లు గీతకి తాళ్లెక్కుతాడని. అక్కడ ఆగాల్సింది. మోకు వేసుకుని తెల్లారకముందే చెట్టెక్కే ఇంటి పిల్లాడికి పైనుంచి ఊరంతా కనబడుతుంది. ఏ ఇంట్లో పొయ్యి రాజుకుందో, ఏ ఇంటి మీద ఇంకా పొగ లేవలేదో వాడికే ముందు తెలుస్తుంది. రాత్రి దయ్యం ఏ ఇంటికి వచ్చిందో చెప్పడానికి వాడికి పాముల భాష ఎందుకు?

నిప్పూ గాలీ తీసేయ్. మోకూ, గీతకత్తీ ఉంచు. కొట్లాట నడిమధ్య, చేస్తే తప్పక గెలిచే పని ఒకటి వాడి ముందు పెట్టు, వాణ్ణి చేయనని మొండికెయ్యనీ. ఎందుకు చేయడో నువ్వు వివరించొద్దు, మొదటి రెండు పేజీల్లోనే ఎక్కడో ఓ పగిలిన పళ్లెం దగ్గర చెప్పేసి ఉండాలి. దసరా సెలవుల్లో కూర్చుని తిరగరాయి. ఈసారి టైపు చేసి పంపు బాబూ, నీ చేతిరాత చదవడానికి మీ వదిన కళ్లజోడు కూడా అరువు తెచ్చుకోవలసి వచ్చింది.

నీ అన్నయ్య