చెరువు బురదతో చేసేది కెమిస్ట్రీ ఉద్యోగమేనా?

ప్రశ్న: మాది సంగారెడ్డి. మా అమ్మాయి ఎమ్మెస్సీ ఆర్గానిక్ కెమిస్ట్రీ పూర్తి చేసింది. రెండు ఆఫర్లు వచ్చాయి. ఒకటి ఫార్మా కంపెనీలో క్యూసీ (మందుల నాణ్యత పరీక్షించే విభాగం), రెండోది ఒక కాంట్రాక్ట్ ల్యాబ్‌లో ‘ఎన్విరాన్‌మెంటల్ ఫేట్’ విభాగం. రెండోదానికే వెళ్తానంటోంది. అక్కడ చెరువు బురద తెచ్చి జల్లెడ పట్టి పరీక్షలు చేస్తారట. రేడియోధార్మిక పదార్థం కూడా వాడతారట. పెళ్ళి కావాల్సిన పిల్ల, నాకు టెన్షన్‌గా ఉంది. దీనికి భవిష్యత్తు ఉందా? - ఒక తండ్రి

జవాబు: అయ్యా, రేడియేషన్ గురించి మీరు అడగడం సబబే. బురద గురించిన బెంగ మాత్రం వదిలేయండి. ముందు దాని సంగతే చెబుతాను.

సంగారెడ్డి వాళ్ళకు నక్కవాగు కాలుష్యం గురించి నేను చెప్పక్కర్లేదు. పటాన్‌చెరు దగ్గర మందుల కంపెనీల వ్యర్థజలాలు శుద్ధి చేసే ప్లాంటు నుంచి బయటికొచ్చే నీళ్ళలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని 2007లో స్వీడన్ పరిశోధకులు ప్రచురించారు. ఈ మందుకు బురదను గట్టిగా పట్టుకునే గుణం ఉంది. కొన్నాళ్ళాగి పైనీళ్ళు మాత్రమే పరీక్షించినవాడు ‘తగ్గిపోయింది’ అని రాసుకుంటాడు. కానీ అది కిందికి దిగి బురదలో కూర్చుని ఉండొచ్చు. ఒక రసాయనం నిజంగా విరిగిపోయిందా, చోటు మార్చిందా అని తేల్చడమే మీ అమ్మాయి చేయబోయే పని.

దీనికి ఓఈసీడీ (ప్రధానంగా సంపన్న దేశాల కూటమి) రూపొందించిన ‘308’ అని ఒక పద్ధతి ఉంది. రెండు రకాల అడుగు బురద తెస్తారు. ఒకటి సేంద్రియ పదార్థం ఎక్కువగా ఉన్న మెత్తటిది, ఇంకోటి ఇసుకపాలు ఎక్కువున్నది. 2 మిల్లీమీటర్ల జల్లెడ పట్టి, గాజు పాత్రలో రెండున్నర సెంటీమీటర్ల మందాన పరిచి, దానికి మూడు నాలుగింతలు నీళ్ళు పోసి చీకట్లో ఉంచుతారు. అందులో కార్బన్-14 అనే రేడియోధార్మిక కార్బన్‌తో గుర్తు వేసిన రసాయనాన్ని కలిపి, మామూలుగా 100 రోజుల దాకా గమనిస్తారు.

ఆ తర్వాత అంతా లెక్కల పని, కాకిలెక్కలు కుదరవు. వేసిన కార్బన్-14లో 90 నుంచి 110 శాతం మధ్య లెక్క తేలాలి. కొంత నీళ్ళలో ఉంటుంది. కొంత బురదలోంచి సాల్వెంట్‌తో లాగితే వస్తుంది. సూక్ష్మజీవులు పూర్తిగా తినేసినది కార్బన్ డయాక్సైడ్‌గా మారి క్షార ద్రావణంలో చిక్కుతుంది. ఎంత లాగినా రానిది కొంత మిగులుతుంది. ఆ బురదను కాల్చి, వచ్చిన వాయువును పట్టి లెక్కిస్తారు. తగాదా అంతా ఈ రానిదానితోనే. అది సూక్ష్మజీవులు ఒంట్లో కలుపుకున్న కార్బనా, లేక అసలు రసాయనమే బురదలో దాక్కుందా? మొదటిదైతే రసాయనం పోయినట్టు, రెండోదైతే పోనట్టు. శాస్త్రవేత్తలు ఇప్పటికీ వాదించుకునే విషయమిది. మధ్యలో పుట్టిన కొత్త పదార్థం ఏదైనా, వేసినదాంట్లో 10 శాతానికి చేరితే దాని నిర్మాణం కనిపెట్టాలి. ఇది కెమిస్ట్రీ కాదంటే మరేది కెమిస్ట్రీ?

దీనికి డబ్బు ఎవరిస్తారంటారా? యూరప్‌కు అమ్ముకోవాలనుకునే రసాయన, పురుగుమందుల కంపెనీలు. అక్కడి రీచ్ చట్టం ప్రకారం ఒక రసాయనం సగానికి తగ్గడానికి మంచినీళ్ళలో 40 రోజులు, మంచినీటి బురదలో 120 రోజులు దాటితే దానికి ‘మొండి’ రసాయనమని ముద్ర పడుతుంది. ఒక దేశపు పరీక్ష ఫలితాలను మిగతా దేశాలూ ఒప్పుకోవాలనే ఓఈసీడీ డేటా ఒప్పందంలో భారతదేశం 2011లో పూర్తిగా చేరింది కాబట్టి, ఇక్కడి జీఎల్‌పీ (మంచి ప్రయోగశాల పద్ధతులు పాటిస్తుందన్న గుర్తింపు) ఉన్న ల్యాబ్ ఇచ్చిన రిపోర్టు అక్కడా చెల్లుతుంది. క్యూసీలో రోజూ అదే మాత్ర, అదే పరీక్ష. క్యూసీని తక్కువ చేయడం లేదు, బోలెడు ఇళ్ళు దాని మీద నడుస్తున్నాయి. కానీ మీ అమ్మాయికి ఆలోచించే పని కావాలంటే రెండోదే మేలు.

ఇక రేడియేషన్. కార్బన్-14 నుంచి వచ్చే బీటా కిరణాలు చాలా బలహీనమైనవి. గాజు పాత్ర గోడ వాటిని ఆపేస్తుంది, చర్మం పైపొర కూడా చాలావరకు ఆపుతుంది. అసలు ప్రమాదం మింగడం, పీల్చడం. అందుకే గ్లవ్స్, ఆవిర్లను బయటికి లాగే ఫ్యూమ్ హుడ్, ల్యాబ్‌లో టీ, టిఫిన్ నిషేధం. చొక్కాకు పెట్టుకునే బ్యాడ్జి ఈ కిరణాలను పట్టలేదు కాబట్టి బల్లలు తుడిచి లెక్కించడం, మూత్ర పరీక్ష ముఖ్యం. ల్యాబ్‌కు అణుశక్తి నియంత్రణ మండలి (ఏఈఆర్‌బీ) అనుమతి ఉండాలి, రేడియేషన్ భద్రతాధికారి ఉండాలి. రేపు గర్భం దాలిస్తే వెంటనే ఆ అధికారికి చెప్పి, ఆ కొన్ని నెలలు వేరే పనికి మారితే సరిపోతుంది.

లోటు కూడా చెప్పాలి. ఇలాంటి ల్యాబ్‌లు తక్కువ. అలిగి మానేస్తే పక్క వీధిలో ఇంకోటి దొరకదు. అయితే రసాయనాలను విడదీసి గుర్తుపట్టే ఎల్‌సీ-ఎంఎస్ మెషీన్ మీద చేయి తిరిగితే ఫార్మాకు తిరిగి రావచ్చు. పీహెచ్‌డీ వైపు మనసుంటే సీఎస్‌ఐఆర్ నెట్ కెమికల్ సైన్సెస్ పరీక్ష రాసి తార్నాకలోని ఐఐసీటీ (రసాయన పరిశోధన సంస్థ), నాగపూర్‌లోని నీరి (పర్యావరణ పరిశోధన సంస్థ) లాంటి చోట్ల ప్రయత్నించవచ్చు. ఈ రంగంలో పేరున్న విదేశీ పరిశోధన సంస్థలు స్విట్జర్లాండ్‌లో ఎవాగ్, జర్మనీలో లైప్‌జిగ్‌లోని యూఎఫ్‌జడ్.

చేరేముందు అమ్మాయిని హెచ్ఆర్‌ని అడగమనండి: మీ జీఎల్‌పీ సర్టిఫికెట్‌లో నీరు, నేల, గాలిలో రసాయనాల ప్రవర్తన అనే విభాగం ఉందా? మొదటి ఏడాదంతా శాంపిళ్ళు తీయడమేనా, మెషీన్ మీద కూర్చోబెడతారా? బాండ్ ఎన్నేళ్ళు? రెండేళ్ళు మించి రాయించుకుంటే, ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ళ దగ్గర పెట్టుకుంటామంటే, సంతకం పెట్టొద్దని చెప్పండి.