మరణ ధ్రువపత్రంలో మూడు నాలుగు జబ్బులు రాసి ఉంటే, ప్రభుత్వ లెక్కలోకి ఏది వెళ్తుంది?

ప్రధాన గణాంకాల్లో ఒక్కటే లెక్కకొస్తుంది: మూల కారణం. అంటే, చావుదాకా తీసుకెళ్లిన వరుసను మొదలుపెట్టిన జబ్బు లేదా సంఘటన.

ప్రపంచ ఆరోగ్య సంస్థ నమూనా పత్రంలో మొదటి భాగానికి ఎ నుంచి డి వరకు నాలుగు వరుసలుంటాయి. పైన నేరుగా ప్రాణం తీసినది, దాని కింద దానికి కారణం, అలా వెనక్కి వెళ్తూ రాయాలి. ఉదాహరణకు, ఎ: సెప్టిక్ షాక్ (ఇన్ఫెక్షన్ ముదిరి రక్తపోటు ప్రమాదకరంగా పడిపోవడం), 1 రోజు. బి: పేగుకు రంధ్రం పడి పెరిటోనైటిస్ (పొట్ట లోపలి పొర వాపు), 3 రోజులు. సి: పెద్దపేగు క్యాన్సర్, 8 నెలలు. ఈ మరణం క్యాన్సర్ ఖాతాలో పడుతుంది. షుగర్ కూడా ఉండి పరిస్థితిని దిగజార్చితే అది రెండో భాగంలోకి వెళ్తుంది. వ్యవధి గడిని ఖాళీగా వదిలేయకూడదు. వరుస తలకిందులైతే పట్టించేది అదే.

అన్నిటికన్నా నష్టం చేసేది "గుండె ఆగిపోయింది" అని ఒక్క ముక్క రాసి సంతకం పెట్టేయడం. ఎవరు చనిపోయినా గుండె ఆగుతుంది! జబ్బులకు కోడ్‌లిచ్చే అంతర్జాతీయ జాబితా ఐసీడీ-10లో దానికి ఐ46 కోడ్ ఉంది గానీ, ఏ జబ్బును అరికట్టాలో ఆ కోడ్ చెప్పదు. వృద్ధాప్యం అని రాసినా అంతే.

ప్రమాదాల్లో "తలకు గాయం" అంటే చాలదు. బైకు మీంచి పడ్డారా, మెట్ల మీంచి జారారా అన్నది రాయాలి; మూల కారణంగా లెక్కించేది ఆ బయటి కారణాన్నే.

డాక్టరు చూడకుండా ఇంట్లో పోయినవారి విషయంలో కొన్నిచోట్ల వెర్బల్ అటాప్సీ చేస్తారు: చివరి రోజుల లక్షణాలను కుటుంబసభ్యులను అడిగి కారణాన్ని అంచనా వేస్తారు. వ్యక్తిగత నిర్ధారణకు ఇది సరిపోదు, జనాభా స్థాయి అంచనాలకు పనికొస్తుంది.