జుట్టు మెత్తబడాలంటే ఏ నూనె, ఏ కండిషనరు వాడాలి? ఉప్పునీళ్లతో తలంటుకొనేవారికి నా అనుభవం నుంచి సమాధానం

హైదరాబాదు శివార్లలోని అపార్టుమెంటుకు మారినప్పటి నుంచి బోరు నీళ్లతో తలస్నానం చేయవలసి వస్తోందని, జుట్టు గరుకుగా మారి చిక్కులు పడుతోందని, కిందటేడు రంగు వేయించుకున్న తరువాత కొసలు మరీ ఎండిపోయాయని, ఏ నూనె రాస్తే, ఏ కండిషనరు వాడితే మెత్తబడుతుందో చెప్పమని మీరు అడిగారు. నేను రాజమహేంద్రవరంలో గోదావరి నీళ్లతో తలంటుకొని పెరిగి, ఉద్యోగరీత్యా హైదరాబాదు శివారు నిజాంపేట వైపు వచ్చి స్థిరపడ్డాను. నాది కాస్త ఒత్తుగా, అలలుగా ఉండే పొడవాటి జుట్టు. మీరు చెప్పిన ఇబ్బంది నేనూ పడ్డాను కనుక, నాకు ఉపయోగపడినవీ పడనివీ కారణాలతో సహా రాస్తున్నాను. నా అభిప్రాయం ముందుగానే చెప్పాలంటే, నూనె సీసా మార్చడానికి ముందు నీళ్ల సంగతి చూడాలి. ఆ తరువాత నూనెకు తలస్నానానికి ముందు, కండిషనరుకు తలస్నానం తరువాత, ఎవరి పని వారికి అప్పగించాలి. మనలో చాలామంది ఈ రెండు పనులనూ ఒక్క నూనెతోనే చేయించాలని చూస్తాం.

బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువగా ఉంటాయి, మనం ఉప్పునీళ్లు అనేది వీటినే. తాగునీటికి భారతీయ ప్రమాణాల సంస్థ పెట్టిన ఐఎస్ 10500 ప్రకారం నీటి కాఠిన్యం, అంటే ఈ లవణాల మోతాదు, లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండడం మంచిది. వేరే నీటి వనరు లేనప్పుడు 600 వరకు అనుమతిస్తారు. కృష్ణా, గోదావరి, మంజీరా నీళ్లు కుళాయిలో వచ్చే పేటల్లో ఉన్నవారికి ఈ బాధ అంతగా తెలియదు. బోర్ల మీద, ట్యాంకర్ల మీద ఆధారపడే కాలనీల్లో గీజరు కాయిల్ మీద, బాత్రూము గచ్చు మీద తెల్లగా పేరుకొనే పొర చూస్తే చాలు, ఆ నీళ్లు ఎటువంటివో అర్థమవుతుంది. వెంట్రుక పైభాగాన పెంకుటింటి కప్పులాగా ఒకదాని మీద ఒకటి పేర్చిన సన్నని పొలుసులు ఉంటాయి. తడిసిన వెంట్రుక ఉపరితలం మీద రుణావేశం ఉంటుంది కనుక ధనావేశం గల కాల్షియం, మెగ్నీషియం అయాన్లు దానికి అంటుకొంటాయి. రంగు వేసిన జుట్టులో, బ్లీచి చేసిన జుట్టులో ఇటువంటి చోట్లు మరీ ఎక్కువ. మీ కొసలే ఎక్కువగా ఎండినట్లు అనిపించడానికి ఇది ఒక ముఖ్యమైన కారణం.

ఇక్కడ ఒక చిన్న హెచ్చరిక. నీళ్ల కాఠిన్యం తెలుసుకోవడానికి చాలామంది టీడీఎస్ మీటరు ముంచి చూస్తారు. అది నీళ్లలో కరిగిన అన్ని లవణాలనూ కలిపి అంచనా వేస్తుందే తప్ప అందులో కాల్షియం ఎంతో, మెగ్నీషియం ఎంతో చెప్పదు. చేపల తొట్టెల సామాను అమ్మే దుకాణాల్లో కాఠిన్యాన్ని కొలిచే కిట్లు దొరుకుతాయి, అవి ఈ పనికి సరిపోతాయి. అలాగే షవరుకు తగిలించే చిన్న ఫిల్టర్లలో ఎక్కువ భాగం క్లోరిన్‌ను, మురికిని తగ్గించగలవు కానీ కాఠిన్యాన్ని చెప్పుకోదగినంతగా తగ్గించలేవు. దానికి రెజిన్, అంటే కాల్షియం, మెగ్నీషియంలను పట్టి ఉంచే గుళికలు ఉండి, అప్పుడప్పుడు ఉప్పు వేసి శుభ్రం చేసుకోవలసిన సాఫ్ట్‌నర్ కావాలి. అపార్టుమెంటు మొత్తానికీ అటువంటిది పెట్టించడానికి సంఘం వారు ఒప్పుకొంటే అంతకంటే మేలు లేదు. మా సంఘంలో ఆ చర్చ ఇంకా చర్చగానే ఉంది.

అంతవరకు ఇంట్లో చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. తలంటు మొత్తం బోరు నీళ్లతోనే చేసినా, చివరి రెండు చెంబులు ఆర్వో నీళ్లో, వానాకాలంలో పట్టి ఉంచుకున్న వాన నీళ్లో పోసుకుంటే తేడా చేతికి తెలుస్తుంది. నీళ్లను బాగా మరిగించి, చల్లార్చి, పైన తేరిన నీళ్లను మాత్రమే వంచుకున్నా బైకార్బనేట్ల వల్ల వచ్చే తాత్కాలిక కాఠిన్యం చాలా వరకు పోతుంది. పెద్ద మగ్గు నీళ్లలో ఒక చెంచా వెనిగరు గానీ, కొద్దిగా నిమ్మరసం గానీ కలిపి కొసల మీదుగా పోసుకొని, నిమిషం ఆగి కడిగేస్తే అంటుకొన్న లవణాలు కొంత వదులుతాయి. నిమ్మరసాన్ని మాత్రం నీళ్లు కలపకుండా నేరుగా రుద్దకండి, దాని పులుపు ఎక్కువ, మాడు మండుతుంది. వంటసోడాతో తల రుద్దుకోమనే వీడియోలను పట్టించుకోవద్దు. అది క్షారం, వెంట్రుకను ఉబ్బించి పొలుసులను పైకి లేపుతుంది. షాంపూ కొనేటప్పుడు వెనుకవైపు జాబితా చూడండి, అందులో కనిపించే డైసోడియం ఈడీటీఏ, టెట్రాసోడియం ఈడీటీఏ అనే పదార్థాలు కాల్షియంను పట్టి తీసుకుపోతాయి. నీటి లవణాలను తొలగించడానికే ప్రత్యేకంగా తయారైన షాంపూలు కూడా ఉన్నాయి, వాటిని నెలకు ఒకసారి వాడితే చాలు.

ఇప్పుడు నూనె విషయం. వెంట్రుక నీళ్లు పీల్చి ఉబ్బడం, ఆరి ముడుచుకోవడం ప్రతి తలస్నానంలోనూ జరుగుతుంది. ఇలా మళ్లీమళ్లీ జరగడం వల్ల పొలుసుల అంచులు లేచి, లోపలి ప్రొటీను కొద్దికొద్దిగా కొట్టుకుపోతుంది. కొబ్బరినూనెలోని కొవ్వు ఆమ్లాల్లో దాదాపు సగం లారిక్ ఆమ్లమే. దాని అణువు చిన్నది, తిన్ననిది కావడం వల్ల ఈ నూనె వెంట్రుక లోపలికి చొరగలదు. కొబ్బరినూనె, పొద్దుతిరుగుడు నూనె, మినరల్ ఆయిల్ మూడింటినీ పోల్చి 2003లో ప్రచురించిన ఒక అధ్యయనంలో ప్రొటీను నష్టాన్ని గణనీయంగా తగ్గించింది కొబ్బరినూనె ఒక్కటే అని తేలింది. ఆ అధ్యయనం చేసినవారు కొబ్బరినూనె అమ్మే మారికో సంస్థ పరిశోధకులే అన్న సంగతి గుర్తుంచుకోవాలి. అయినా ఆ ఫలితం నా అనుభవానికి సరిగ్గానే ఉంది.

అందువల్ల తలస్నానానికి కొన్ని గంటల ముందు, వీలైతే ముందు రోజు రాత్రి, పొడి జుట్టుకు సగం పొడవు నుంచి కొసల దాకా కొబ్బరినూనె పట్టించండి. జిడ్డు కారేటంత అవసరం లేదు, అరచేతిలో పోసుకున్న కొద్ది నూనె జడకంతటికీ సరిపోతుంది. చుండ్రు ఉన్నవారు మాత్రం మాడుకు నూనె పట్టించి రాత్రంతా ఉంచకూడదు. చుండ్రుకు కారణమయ్యే మలసీజియా అనే శిలీంధ్రం కొవ్వు ఆమ్లాలనే తిని బతుకుతుంది. చుండ్రు ఉన్న తలకు నూనె రాస్తే పొట్టు కనబడకుండా అణిగిపోతుందే కానీ తగ్గదు.

మిగతా నూనెల గురించి తక్కువే చెప్పగలను. నువ్వులనూనె మంచిదే, ఉగాదికి, నరకచతుర్దశికి తలంటుకు మా ఇంట్లో అదే వాడతాం, అయితే కొసల మెత్తదనానికి కొబ్బరినూనె కంటే అది మేలు చేసిందని నాకు అనిపించలేదు. ఆముదం బాగా చిక్కన, పొడవు జుట్టుకు అచ్చంగా అదే పట్టించడం ప్రమాదకరం కూడా. పొడవైన జుట్టున్న ఒక యువతి ఆముదం, కొబ్బరినూనె కలిపి రాసుకొని తలస్నానం చేసిన వెంటనే జుట్టంతా విడదీయలేనంతగా ముద్దకట్టిన కేసును వైద్యులు 2017లో ప్రచురించారు. అది అరుదే, కానీ ఆముదం వాడాలనుకొంటే కొబ్బరినూనెలో కొన్ని చుక్కలకు మించి కలపకండి. బాదం, ఉసిరి పేర్లతో వచ్చే పలుచని హెయిర్ ఆయిళ్లలో చాలావాటికి మూలం లైట్ లిక్విడ్ పారఫిన్, అంటే మినరల్ ఆయిల్. అది హానికరమని నేను అనను, పైపైన జారుడుతనం బాగానే ఇస్తుంది. కానీ మీరు బాదంనూనె ధర పెట్టి కొంటున్నది బాదంనూనె కాదని తెలిసి కొనండి. వంటకు పనికివచ్చే అచ్చమైన కొబ్బరినూనెనే తలకూ వాడుకోవచ్చు. చిన్న సీసాల్లో అమ్మే కొబ్బరినూనె వంటనూనెనా, తలనూనెనా అన్న పన్ను వివాదం ఏళ్ల తరబడి నడిచి, 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు దాకా వెళ్లి, తలనూనె అని ప్రత్యేకంగా ముద్రించి అమ్మితే తప్ప అది వంటనూనే అని తేలింది.

మందార, గుంటగలగర, కరివేపాకు వేసి కాచిన నూనెల గురించి కూడా మీరు అడిగారు. మందారాకులో మెత్తదనాన్ని ఇచ్చేది దాని జిగురు. ఆ జిగురు నీళ్లలో కరుగుతుంది, నూనెలోకి దిగదు. కాబట్టి మందారాకులను నూనెలో వేసి నల్లగా కాచడం కంటే నీళ్లలో పిసికి, గుడ్డలో వడగట్టి, ఆ జిగురును తలకు పట్టించడమే ఫలితాన్నిస్తుంది. పూర్వం మన ఇళ్లలో కుంకుడుకాయలు కొట్టి, గింజలు తీసేసి, వేడినీళ్లలో నానబెట్టి, రసం పిసికేటప్పుడు అందులోనే నాలుగు మందారాకులు వేసి నలిపేవారు. కుంకుడు మురికిని వదిలిస్తుంది, మందార చిక్కు పడకుండా చూస్తుంది. షాంపూ, కండిషనరు రెండూ ఒకే గిన్నెలో ఉన్న ఆ ఏర్పాటును నేను ఇప్పటికీ మెచ్చుకొంటాను. పైగా సబ్బు అయితే ఉప్పునీళ్లలో తెల్లని మడ్డిగా విరిగి జుట్టుకు అంటుకొంటుంది, కుంకుడు రసం అలా కాదు. మా అత్తగారు ఇదే నీళ్లతో కుంకుడు రసమే వాడతారు, ఆవిడ జుట్టు నా జుట్టుకంటే మెత్తగా ఉంటుంది. తలకు రంగు వేసుకోలేదు కనుక అని ఆవిడ అంటారు, అదీ నిజమే. కళ్లలో పడితే భగ్గుమంటుందన్నది మీకు చెప్పనక్కరలేదు. షీకాయ పొడి వాడేవారు దానిని నేరుగా రుద్దకుండా నానబెట్టి వడగట్టుకోవాలి, లేకపోతే నలుసులు జుట్టులో ఇరుక్కొని మరింత గరుకు పుట్టిస్తాయి. మెంతులు కూడా అంతే, రాత్రి నానబెట్టి రుబ్బి గుడ్డలో పిండితే వచ్చే జిగురు చాలా బాగుంటుంది, పిప్పితో సహా పట్టిస్తే మరునాడు ఆఫీసులో కూడా తలలోంచి మెంతిపొట్టు రాలుతుంది. అవిసె గింజలను ఉడికించి వడగట్టిన జిగురు అలల జుట్టుకు మెంతుల కంటే సులువు, వాసన కూడా ఉండదు.

ఇక కండిషనరు. కడిగేసే దానివల్ల ఏం మిగులుతుందని పెద్దవాళ్లు సందేహిస్తారు. వెంట్రుక మీది రుణావేశానికి అంటుకొనే ధనావేశపు అణువులే కండిషనరులో అసలు సరుకు. అందువల్ల నీళ్లతో కడిగినా ఒక పలుచని పొర నిలిచిపోతుంది, అదీ జుట్టు ఎక్కడ ఎక్కువ దెబ్బతిన్నదో అక్కడే ఎక్కువగా నిలుస్తుంది. కొనేటప్పుడు సీసా ముందువైపు బొమ్మల్లోని తేనె, అవకాడోలను చూడకుండా వెనుకవైపు తిప్పండి. మన దేశపు నిబంధనల ప్రకారం ఒక శాతానికి మించి ఉన్న పదార్థాలను పరిమాణాన్ని బట్టి ఎక్కువ నుంచి తక్కువకు వరుసగా రాయాలి, ఒక శాతం, అంతకంటే తక్కువ ఉన్నవాటిని ఆ తరువాత ఏ వరుసలోనైనా రాయవచ్చు. మొదటి అయిదారు పేర్లలో బెహెన్‌ట్రైమోనియం క్లోరైడ్ లేదా సెట్రిమోనియం క్లోరైడ్, వాటితో పాటు సీటైల్ ఆల్కహాల్ లేదా సిటియరిల్ ఆల్కహాల్ ఉంటే అది పనిచేసే కండిషనరే, ధర ఎంతైనా సరే. ఈ ఆల్కహాళ్లు మైనంలాంటి కొవ్వు పదార్థాలు, జుట్టును ఎండబెట్టేవి కావు. రంగు వేసిన జుట్టుకు అమోడైమెథికోన్ ఉన్నదాన్ని ఎంచుకోండి, అది దెబ్బతిన్న చోట నిలిచే సిలికోన్, అంటే వెంట్రుక మీద జారుడు పొరనిచ్చే పదార్థం. సిలికోన్లు విషమన్న ప్రచారానికి నేను విలువ ఇవ్వను, పలుచని జుట్టున్నవారికి అవి బరువుగా అనిపించవచ్చు, మీకు ఆ ఇబ్బంది ఉండదు.

వాడే పద్ధతిలో కూడా కొంత ఉంది. షాంపూ మాడుకే రుద్ది, నురుగు కొసల మీదుగా జారనివ్వాలి. తరువాత జుట్టులోని నీళ్లు చేత్తో పిండేసి, సగం పొడవు నుంచి కొసల దాకా కండిషనరు పట్టించి, అది తలమీద ఉండగానే వెడల్పు పళ్ల దువ్వెనతో కింది నుంచి చిక్కు తీసుకోవాలి. రెండు మూడు నిమిషాలు ఆగి కడిగేయాలి. తువ్వాలుతో విదిలించి తుడవడం మానేసి, పాత నూలు చీర ముక్కతో అద్దుకుంటే చాలు. తడి ఉండగానే సీరమ్ రెండు చుక్కలు కొసలకు రాసుకోవచ్చు. ఆర్గాన్ నూనె సీరమ్ అని అమ్మేవాటిలో చాలావాటి జాబితా సైక్లోపెంటాసిలోక్సేన్ అనే సిలికోన్‌తో మొదలవుతుంది, మొరాకో దేశపు ఆ నూనె చివరి వరుసల్లో ఎక్కడో ఉంటుంది. మెత్తదనం ఇచ్చేది ఆ సిలికోనే కనుక ఆర్గాన్ పేరుకు అదనపు ధర పెట్టవలసిన పని లేదు, లివాన్ వంటి మామూలు సీరమ్ సరిపోతుంది.

జుట్టును నున్నగా చేయడానికి పార్లరులో చేసే కెరాటిన్ స్మూతనింగ్‌ను మాత్రం నేను ఇష్టపడను. వాటిలో కొన్నింటిని వేడిచేసినప్పుడు ఫార్మాల్డిహైడ్ అనే హానికర వాయువు వెలువడుతుంది. దానికి బదులుగా వచ్చిన గ్లయాక్సిలిక్ ఆమ్లం వాడిన వారిలో మూత్రపిండాలు దెబ్బతిన్న కేసులను ఇజ్రాయెల్, ఫ్రాన్స్ వైద్యులు ప్రచురించారు.

ఇన్ని చేసినా కుదుళ్ల దగ్గర కొత్తగా వచ్చే జుట్టు కూడా గరుకుగానే ఉండి, దానితో పాటు నీరసం, బరువు పెరగడం, చలి ఓర్చుకోలేకపోవడం వంటివి ఉంటే ఒకసారి థైరాయిడ్ పరీక్ష చేయించుకోండి. మీరు రాసినదాన్ని బట్టి మీ సమస్య రంగు వేసిన కొసల దగ్గరే ఎక్కువగా ఉంది. జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది కనుక నడుము దాకా ఉన్న జడ కొసలు అయిదారేళ్ల నాటివై ఉంటాయి, రంగులోని క్షారానికి ఒకసారి పోయిన పై కొవ్వు పొర వాటికి తిరిగి రాదు. చీలిన మేరకు ఒకటి రెండు అంగుళాలు ముందుగా కత్తిరించి, మిగిలినదానికి పైన చెప్పినట్లు కొబ్బరినూనె, చివరి చెంబుల్లో ఆర్వో నీళ్లు, అమోడైమెథికోన్ ఉన్న కండిషనరు వాడడం మొదలుపెట్టండి. మళ్లీ రంగు వేయించుకోదలిస్తే జుట్టంతటికీ కాకుండా కొత్తగా పెరిగిన కుదుళ్లకు మాత్రమే వేయమని పార్లరు వారికి చెప్పండి.