ఆ అరగంటా ఆయన హాల్లో ఎందుకున్నట్టు?

ఒంగోలు నుంచి ఒక టీచరుగారు రాసిన ఉత్తరం ఇది. వయసు 34, ఇద్దరు పిల్లలు. ఐదు నెలల క్రితం ఒక రాత్రి ఉన్నట్టుండి గుండె దడదడలాడి, వేళ్ళు తిమ్మిరెక్కి, ప్రాణం పోతుందనుకున్నారు. ఈసీజీ, ఎకో, థైరాయిడ్ అన్నీ నార్మల్. మానసిక వైద్యుడు ‘పానిక్ ఎటాక్’ అని చెప్పి సెర్‌ట్రాలిన్ అనే మాత్ర రాశారు. అది వేసుకుంటూ, దడ వచ్చినప్పుడు బైబిల్లోని 23వ కీర్తన చెప్పుకుంటూ కుదుటపడ్డారు. ఈలోగా అత్తగారు శుక్రవారం ఉపవాస ప్రార్థనలో లేచి సంగతంతా బయటపెట్టి, ‘విశ్వాసం ఉంటే మాత్రెందుకు?’ అన్నారు. ఈవిడ మాత్ర ఆపేసి పన్నెండు రోజులు. తల తిరుగుతోంది, తలలో కరెంటు కొట్టినట్టు జిల్లుమంటోంది, దడ మళ్ళీ మొదలైంది. భర్తేమో ‘అమ్మ చెప్పినట్టు విను, పొద్దున్నే నాకు డ్యూటీ ఉంది’ అని దిండు తీసుకుని హాల్లోకి పోతున్నారు. ‘నా విశ్వాసం తక్కువా? నలభై రోజులు ఉపవాసం ఉండనా?’ అని అడిగారు.

అమ్మా, ఆ ప్రశ్న పక్కన పెట్టండి. ఆవగింజంత విశ్వాసం చాలన్న ప్రభువు దగ్గర తూకం రాళ్ళు లేవు. ఉపవాసం అసలే వద్దు. బదరీవృక్షం కింద చావు కోరుకున్న ఏలీయా ప్రవక్త ముందు దూత పెట్టింది రొట్టె, నీళ్ళు. తిని పడుకోనిచ్చి, లేపి మళ్ళీ తినమన్నాడు. ఖాళీ కడుపూ నిద్రలేమీ ఈ దడకి ఎరువు.

ముందు మాత్ర సంగతి. ఆ జిల్లుమనడం చాలావరకు మందు ఒక్కసారిగా ఆపినందుకే, విశ్వాసం సన్నగిల్లి కాదు. రేపే డాక్టరుకి ఫోన్ చేయండి. మీ అంతట మీరు పాత మోతాదు వేసేసుకోకండి, ఎంతతో మొదలుపెట్టాలో ఆయన చెప్పాలి. ఈ మందు పట్టు దొరకడానికి రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి ఆరు పడుతుంది. బాగుందనిపించాక కూడా నెలల తరబడి వాడించి, ఆనక మెల్లగా తగ్గిస్తారు.

కీర్తన మీరు సరిగ్గానే పట్టుకున్నారు, వాడే తీరు కాస్త సరిచేసుకోవాలి. దడలో ఊపిరి అందట్లేదని గబగబా పీల్చేస్తాం. దాంతో ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పడిపోయి వేళ్ళూ పెదాలూ తిమ్మిరెక్కుతాయి, తల తేలిపోతుంది. అంటే గాలి చాలక కాదు, ఎక్కువై. అందుకని గట్టిగా పీల్చకండి. ముక్కుతో నాలుగు లెక్కపెట్టేంతసేపు లోపలికి తీసుకుంటూ మనసులో ‘యెహోవా నా కాపరి’ అనుకోండి. ఆరు లెక్కపెట్టేంతసేపు వదులుతూ, పెదవి కదిలిస్తూ ‘నాకు లేమి కలుగదు’ అనండి. వదలడం పొడుగ్గా ఉండాలి, గుట్టంతా అక్కడే ఉంది. దడ లేనప్పుడే పొద్దున ఐదు నిమిషాలు, రాత్రి ఐదు నిమిషాలు చేసి అలవాటు పడాలి. ఇల్లు కాలుతుంటే బావి తవ్వితే నీళ్ళు పడవు.

చాలామంది తప్పేది ఎక్కడంటే, కీర్తనని దడని తరిమే మంత్రంలా వాడి, ‘తగ్గిందా, తగ్గిందా’ అని నాడి చూసుకుంటారు. చూసుకున్నకొద్దీ పెరుగుతుంది. చీకటి లోయ మాయమవుతుందని ఆ కీర్తనలో దావీదు అనలేదు, అందులో నడిచినా భయపడనన్నాడు. మొదటి మూడు వచనాల్లో ‘ఆయన’ అంటూ దేవుడి గురించి చెప్పినవాడు, గాఢాంధకారపు లోయ రాగానే నాలుగో వచనంలో ‘నీవు నాకు తోడై యుందువు’ అని నేరుగా ఆయనతోనే మాట్లాడతాడు. మీరూ అక్కడే ఆగండి. దడ పది నిమిషాల్లో పైకెక్కి, సాధారణంగా అరగంటలోపు దిగిపోతుంది. నడిచినప్పుడు ఛాతీ నొప్పి, చెయ్యి లాగడం, స్పృహ తప్పడం ఉంటే మాత్రం కీర్తన దారిలో చదువుకోవచ్చు, ముందు ఆసుపత్రికి వెళ్ళండి.

ఇక అసలు సంగతికొస్తాను. ఇందులో చిక్కు మీ అత్తగారు కాదు, మీ ఆయన. పెళ్ళినాడు పాస్టరుగారి ముందు రోగంలోనూ ఆరోగ్యంలోనూ తోడుంటానన్నది ఆయనే కదా! సిలువకి ముందు రాత్రి గెత్సేమనే తోటలో ప్రభువంతటివాడే తన శిష్యులు పేతురునీ యాకోబునీ యోహానునీ వెంటబెట్టుకెళ్ళి, నాతో మెలకువగా ఉండమని అడిగాడు. ఆయన కలవరపడ్డందుకు ఎవరూ తప్పుపట్టలేదు, మాట పడింది నిద్రపోయిన ఆ శిష్యులే. మత్తయి 26వ అధ్యాయం మీ ఆయనచేత పైకి చదివించండి.

ఆ దిండు తిరిగి గదిలోకి రావాలి. దడ వచ్చిన రాత్రి ఆయన లైటు వేసి, టైం చూసి, పక్కన కూర్చుని కీర్తన మెల్లగా చదవాలి. ‘ఏం లేదు, ఊరుకో’ అన్నమాట రాకూడదు. డాక్టరు దగ్గరికి కూడా రావాలి. వాళ్ళమ్మగారితో, ‘ప్రార్థన చెయ్యమ్మా, కానీ ఆమె ఆరోగ్యం సంగతి సంఘంలో ఎత్తొద్దు, మాత్ర మానమనొద్దు’ అని ఆయనే చెప్పాలి. ఈ మాట మీరంటే ఎదిరించిన కోడలవుతారు, కొడుకంటే గొడవ అక్కడితో సరి. పొద్దున్నే డ్యూటీ ఉందంటారా, మీకూ బడి ఉందిగా.

ఆయన ఊళ్ళో లేని రాత్రి మరీ ఎక్కువైతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి. ఇరవై నాలుగ్గంటలూ పలుకుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు. శుక్రవారం ప్రార్థనకి వెళ్ళాలనిపిస్తే నిక్షేపంగా వెళ్ళండి, భోంచేసి, డాక్టరు చెప్పిన మాత్ర వేసుకుని.